పక్కింట్లో శనివారం పార్టీలు, మైనర్ పిలకాయలకు మందు: కంప్లైంట్ ఇస్తే మా వాడి మీదికి వస్తుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినావిడ నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఉంటారు. పక్కన ఇండిపెండెంట్ ఇల్లు. ఓనర్లు బెంగళూరులో ఉంటే, బీటెక్ చదివే వాళ్ల మేనల్లుడు ఒక్కడే ఇక్కడుంటాడు. శనివారం వచ్చిందంటే ఇంటర్, బీటెక్ పిలకాయలు గుంపుగా చేరతారు. సౌండ్ బాక్సులు, బీర్లు, రాత్రి రెండు దాకా గోల. ఈమె కొడుకు ఇంటర్ సెకండియర్, పదిహేడేళ్లు. ఒకసారి అక్కడికి పోయి తాగి వచ్చాడు. పోలీసులకు చెబితే వాడి పేరు కూడా కేసులోకి ఎక్కి చదువు పాడవుతుందేమోనని భయం. చెప్పకపోతే వచ్చే శనివారం ఏం జరుగుతుందోనని ఇంకో భయం.

అమ్మా, ముందు సూటిగా జవాబు. మీరు కంప్లైంట్ ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. మైనర్‌కు మందు పోస్తే కేసు పోసినవాడి మీద పడుతుంది, తాగిన పిల్లాడి మీద కాదు. పదిహేడేళ్లవాడు తాగితే చట్టం దాన్ని వాడు చేసిన నేరంగా చూడదు, వాడికి జరిగిన అన్యాయంగా చూస్తుంది. రాత్రి పది దాటాక వీధంతా వినపడేలా పాటలు పెట్టడం వేరే తప్పు. దానికి తాగుడుతో సంబంధమే లేదు. మీరు 112కు ఫోన్ చేయడానికి ఆ ఒక్క కారణం చాలు.

నేను నెల్లూరు, ఒంగోలు కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే అడ్వొకేట్‌ని. మైనర్ల మీద వచ్చిన కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు పిల్లల తరఫున చాలాకాలంగా హాజరవుతున్నాను. ఇలాంటి పార్టీల తర్వాత నా ఆఫీసుకొచ్చి ఏడ్చిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను. కేసవుతుందేమో, పరువు పోతుందేమో అని ఆగడం వల్లే వాళ్లలో ఎక్కువమందికి నష్టం జరిగింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

వయసు విషయం ముందు తేల్చుకుందాం. మన దగ్గర చాలామంది పద్దెనిమిది నిండితే తాగొచ్చు అనుకుంటారు. కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివాళ్లకు మందు అమ్మకూడదు. 2019 నుంచి 2024 దాకా షాపులు ప్రభుత్వమే నడిపింది, 2024 అక్టోబరు నుంచి మళ్లీ ప్రైవేటు వాళ్ల చేతికి వచ్చాయి. షాపు ఎవరిదైనా ఈ నిబంధన మారలేదు. కౌంటర్ దగ్గర ఆధార్ అడిగే షాపులు ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అమ్మినవాడి లైసెన్సుకు ప్రమాదం ఉన్నమాట నిజమే. బెల్టు షాపులో కొన్నారంటే సంగతి ఇంకా పెద్దది. లైసెన్సు లేని అమ్మకం కాబట్టి 1968 నాటి ఎక్సైజ్ చట్టం సెక్షన్ 34 కింద నేరుగా కేసు కట్టొచ్చు.

ఆ ఇంట్లో చేరే వాళ్లలో మూడు రకాల వాళ్లుంటారు. పద్దెనిమిది నిండనివాళ్లు చట్టం ప్రకారం పిల్లలు. ఇరవై ఒకటి దాటినవాళ్లు తాగడానికి అర్హులే గానీ, పిల్లలకు పోస్తే వాళ్లే ముద్దాయిలు. అసలు చిక్కు మధ్యలోని పద్దెనిమిది నుంచి ఇరవై ఏళ్లవాళ్లది. మందు కొనడానికి వయసు చాలదు, కేసు పడితే మాత్రం పెద్దవాళ్ల కిందే లెక్క. వాళ్లకు జువెనైల్ బోర్డు రక్షణ ఉండదు. ఎఫ్ఐఆర్ అయితే పాస్‌పోర్టు వెరిఫికేషన్ దగ్గర, ఉద్యోగం ఎంక్వైరీ దగ్గర అది బయటికొస్తుంది. మీ పక్కింటి బీటెక్ అబ్బాయి ఈ మధ్య గుంపులోనే ఉండొచ్చు. వాళ్లత్తామామలకు ఈ మాట ఎవరైనా అర్థమయ్యేట్టు చెప్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

ఇప్పుడు మందు పోసినవాడి సంగతి. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లో సెక్షన్ 77 ఉంది. డాక్టరు చెప్తే తప్ప, పద్దెనిమిది నిండనివాళ్లకు మత్తుపానీయం ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. డబ్బు తీసుకుని ఇచ్చాడా, ఊరికే ఇచ్చాడా అన్న తేడా లేదు. స్నేహితుడైనా, బాబాయైనా, కన్నతండ్రైనా ఒకటే. దాని పక్కనే సెక్షన్ 78 ఉంది: మందు తేవడానికి, మోయడానికి, అమ్మడానికి పిల్లలను వాడుకుంటే అదే శిక్ష. "ఒరే అబ్బయ్యా, బ్రాందీ షాపుకు పోయి ఒక క్వార్టర్ తీసుకురా" అని వాచ్‌మన్ కొడుకును పంపించే పెద్దమనుషులు మన వీధుల్లో ఎంతమందో. వాళ్లెవరికీ ఈ సెక్షన్ సంగతి తెలియదు.

ఒంగోలు దగ్గర ఒక తండ్రి కేసు చెప్తాను. కొడుకు పాసైనాడని ఇంటి మేడ మీద వాడి స్నేహితులకు పార్టీ ఇచ్చాడు. బీర్లు తనే తెచ్చాడు. ఆయన ఉద్దేశం చెడ్డదేం కాదు. "యాడో రోడ్డు మీద తాగి బండ్లేసుకుని తిరిగేదానికన్నా ఇంట్లో నా కళ్లముందు తాగితే మేలు కదా మేడమ్" అన్నాడు నాతో. ఒక పదహారేళ్లవాడు ఖాళీ కడుపున తాగి, వాంతులు చేసుకుని స్పృహ తప్పాడు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు, బతికాడు. వాడి తల్లి వదల్లేదు. ఆ తండ్రి ముందస్తు బెయిలు కోసం తిరిగాడు, వాయిదాలకు తిరిగాడు. ఇంటి పేరు వీధిలో నానింది. ఇంట్లో కళ్లముందు అయితే సేఫ్ అన్న మాట చట్టం ముందు నిలబడదని ఆయనకు అప్పుడు తెలిసింది. మీ చుట్టుపక్కల ఇలా ఆలోచించే తల్లిదండ్రులు ఉంటే దయచేసి ఈ సంగతి చెప్పండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మెలిక ఉంది. 2021లో జువెనైల్ జస్టిస్ చట్టాన్ని సవరించాక, మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాలు నాన్‌కాగ్నిజబుల్ అయ్యాయి. అంటే ఒక్క సెక్షన్ 77 మీదనే అయితే ఎస్సై నేరుగా దర్యాప్తు మొదలుపెట్టలేడు, మెజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. స్టేషన్లో "దీనికి కోర్టు పర్మిషన్ కావాలమ్మా" అంటే మిమ్మల్ని తిప్పి పంపడానికి అబద్ధం చెప్తున్నాడని అనుకోవద్దు. కానీ మాట అక్కడితో ఆగకూడదు. మీ ఫిర్యాదును రాసుకుని, మిమ్మల్ని మెజిస్ట్రేటు దగ్గరికి పంపడం ఆయన బాధ్యత. కేసు ఎలా నడపాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 174 అదే చెప్తుంది. అదే సెక్షన్లో ఇంకో వెసులుబాటు కూడా ఉంది: అదే ఘటనలో కాగ్నిజబుల్ నేరం ఒక్కటి కలిసినా మొత్తం కేసును ఆ లెక్కనే దర్యాప్తు చేయొచ్చు. లైసెన్సు లేకుండా డబ్బు తీసుకుని మందు అమ్మితే, కొట్లాట జరిగి ఎవరికైనా తీవ్రమైన దెబ్బలు తగిలితే, తాగి బండి నడిపి ఎవరినైనా గుద్దితే పరిస్థితి మారిపోతుంది. కాబట్టి అర్జీలో "మైనర్లు తాగుతున్నారు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. చూసినదంతా రాయండి.

చప్పుడు విషయం. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. ఎవరి ఇంట్లో వాళ్లు పెట్టుకున్న సౌండ్ సిస్టమ్ అయినా సరే, వాళ్ల ప్రహరీ దగ్గర కొలిస్తే ఆ పరిమితికి అయిదు డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండకూడదు. 45 అంటే నిద్రపోయే ఇంట్లో ఫ్యాను తిరిగే చప్పుడు లాంటిది. గోడ అవతలి నుంచి పాట చరణాలు మీ మంచం మీదికి స్పష్టంగా వినపడుతున్నాయంటే పరిమితి దాటిపోయినట్టే అనుకోవచ్చు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం, అక్కడ ఇంకా కఠినం. పండగలకు, ఉత్సవాలకు ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా రాత్రి పన్నెండు దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. శనివారం బర్త్‌డే పార్టీ అందులోకి రాదు.

స్టేషన్లలో డెసిబెల్ మీటర్ సాధారణంగా ఉండదు. ఫోన్‌లో యాప్ చూపించే అంకె కోర్టులో గట్టిగా నిలవదు గానీ, ఒక ఆధారంగా పనికొస్తుంది. అంతకన్నా మేలైనది మీ పడకగదిలో కిటికీ మూసి, గోడ గడియారం కనపడేలా తీసిన రెండు నిమిషాల వీడియో. మూడు శనివారాలు అలా తీసి పెట్టుకోండి. తేదీ, టైము, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది ఒక నోటుబుక్కులో రాయండి. నేను వాదించిన ఒక న్యూసెన్స్ కేసులో ఎదురింటి రిటైర్డ్ టీచరు రాసుకున్న అలాంటి నోటుబుక్కే గెలిపించింది. తేదీలు, టైములు, ఆ రోజు ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదు, అన్నీ గుండ్రటి అక్షరాల్లో. అవతలి లాయరు ఒక్క రోజును కూడా తప్పని చూపించలేకపోయాడు.

ఫోన్ ఎలా చేయాలి. గోల జరుగుతున్నప్పుడే 112కు చేయండి, తెల్లారాక కాదు. పార్టీ అయిపోయాక పోలీసులొస్తే కనపడేది ఖాళీ సీసాలే. ఫోన్లో "పిల్లలు చెడిపోతున్నారండీ" అని బాధ చెప్పుకోవద్దు. "ఫలానా లేఅవుట్, ఫలానా గుడి వెనక రెండో వీధి, రాత్రి పన్నెండున్నర, పెద్ద సౌండుతో పాటలు, మైనర్ పిల్లలు తాగి ఉన్నారు, బండ్లు తీయబోతున్నారు" అని చెప్పండి. ఆ చివరి మాట నిజమైతే తప్పకుండా చెప్పండి, అప్పుడే పోలీసు బండి త్వరగా కదులుతుంది. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే పక్కవాళ్లకు తెలియకుండా చూడమని అడగండి. మీరు ఏ నంబరు నుంచి చేశారో ఏ టైముకు చేశారో రాసిపెట్టుకోండి.

మొదటిసారి వచ్చిన కానిస్టేబుల్ సౌండ్ ఆపించి, మందలించి పోతాడు. చాలాసార్లు అంతటితోనే సర్దుకుంటుంది, సర్దుకోవడమే మంచిది కూడా. రెండోసారి, మూడోసారి జరిగితే రాతపూర్వకంగా ఇవ్వండి. శబ్ద నిబంధనల కింద చర్య తీసుకునే అధికారం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారికి ఉంటుంది. కాబట్టి అర్జీ స్టేషన్ ఇన్‌చార్జి అయిన ఎస్‌హెచ్‌ఓకు ఒకటి, టౌన్ డీఎస్పీకి ఒకటి ఇవ్వండి. ఆ అధికారి ఆ ఇంట్లో మ్యూజిక్ పెట్టడాన్నే ఆపమని రాతపూర్వక ఆదేశం ఇవ్వొచ్చు. అర్జీ ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. స్టేషన్లో కదలిక లేకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, అక్కడ ఇవ్వండి. అక్కడ నమోదైతే స్టేషన్ నుంచి జవాబు రాయాల్సి వస్తుంది.

ఇంకో దారి ఆర్డీవో. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద, జనానికి ఇబ్బంది కలిగించే పనిని ఆపమని ఆయన సబ్ డివిజనల్ మెజిస్ట్రేటు హోదాలో షరతులతో ఆర్డరు ఇవ్వొచ్చు. ఇది నిదానమైన దారే గానీ పలుకుబడి ఉన్న ఇళ్ల మీద బాగా పనిచేస్తుంది. మామూలు న్యూసెన్సుకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 292 కింద జరిమానా వెయ్యి రూపాయలే, అది ఒక సీసా ఖర్చు. అదే ఆపమని ఆర్డరు వచ్చాక కూడా కొనసాగిస్తే సెక్షన్ 293 కింద ఆర్నెల్ల దాకా జైలు పడొచ్చు. మా అనుభవంలో ఆర్డీవో నోటీసు బెంగళూరు అడ్రసుకు పోయిన వారంలోపే ఓనర్లు దిగి వస్తారు.

వీలైతే ఒక్కరే పోవద్దు. నాలుగిళ్ల ఆడవాళ్లు కలిసి సంతకం చేసిన అర్జీని పక్కన పడేయడం ఏ ఎస్సైకీ అంత సులువు కాదు. ఈ సంగతి మన జిల్లాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, రోసమ్మ ముందుండి నడిపిస్తే, 1990ల మొదట్లో సారా దుకాణాన్ని ఊళ్లోంచి తరిమేశారు. అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. ఆ నిషేధం రెండేళ్లకే సడలిపోయినా, గడప దాటి అడిగితే ప్రభుత్వం వింటుందని ఆ ఆడవాళ్లు చూపించారు. మీరు అడిగేది అందులో వెయ్యో వంతు.

పోలీసులకు ముందే ఓనర్లకు ఒక ఫోన్ చేయండి. ఇది నా సలహా, చట్టం అడిగేది కాదు. చాలామంది ఓనర్లకు ఏం జరుగుతోందో నిజంగానే తెలియదు. "మీ ఇంట్లో మైనర్లకు మందు పోస్తున్నారు, ఏదైనా జరిగితే మీ పేరూ వస్తుంది" అని మర్యాదగా చెప్పి, అదే మాట వాట్సాప్‌లో కూడా పెట్టండి. రేపు "నాకు తెలియదు" అనడానికి వీలుండదు. ఆ ఇంటిని పార్టీలకు అద్దెకిస్తున్నారని తేలితే అది మునిసిపల్ కార్పొరేషన్‌కు చెప్పాల్సిన విషయం, ఎక్సైజ్‌కు చెప్పాల్సిన విషయం కూడా. ఫంక్షన్ హాల్లోనో, తోటలోనో, గెస్ట్ హౌస్‌లోనో జనాన్ని పిలిచి మందు పోయాలంటే ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. ఆ పర్మిట్ ఉన్నా 21 నిండనివాళ్లకు పోసే హక్కు రాదు. గంజాయి వాసన వస్తోందని అనుమానం ఉంటే 1972కు ఫోన్ చేయండి, అది గంజాయి, డ్రగ్స్ మీద పనిచేసే ఈగల్ పోలీసు టీమ్ నంబరు. గంజాయి అయితే మత్తుమందుల చట్టం (ఎన్డీపీఎస్) సెక్షన్ 25 కింద, తెలిసి ఇల్లు వాడనిచ్చినవాడికి కూడా అసలు నేరస్తుడితో సమానంగా శిక్ష ఉంది. ఈ ఒక్క మాటకు ఓనర్లు భయపడినంతగా మరి దేనికీ భయపడరు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. సముద్రం ఒడ్డున జరిగేవి. మైపాడు, కొత్తకోడూరు, ఒంగోలు వైపు కొత్తపట్నం, పాకల. ఇంటర్ పరీక్షలు అయిపోగానే పిలకాయలు బండ్ల మీద పోతారు. రొయ్యల చెరువు గట్టు మీద ఎవరి షెడ్డో దొరుకుతుంది. తాగి అలల్లోకి దిగుతారు. నేను చూసిన ఒక కేసులో నలుగురు దిగితే ముగ్గురు వచ్చారు. ఆ ముగ్గురూ భయపడి, సంగతి ఎవరికీ చెప్పకుండా ఇళ్లకు పోయి పడుకున్నారు. రాత్రి ఆ పిల్లాడి నాన్న ఫోన్ చేస్తే "మాతో రాలేదంకుల్" అన్నారు. మర్నాడు పొద్దున మత్స్యకారులు శవాన్ని చూశారు. వెంటనే కేక వేసి ఉంటే, ఒడ్డునే వలలు బాగుచేసుకుంటున్న మనుషులున్నారు, పిల్లాడు దక్కేవాడేమో. వాళ్లను ఆపింది ఒక్కటే భయం, తాగిన సంగతి తెలిస్తే మా మీద కేసు పెడతారని. పదిహేడేళ్లవాళ్లు వాళ్లు, తాగినందుకు వాళ్లమీద ఏ కేసూ లేదు. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ కేసులో మందు కొనిచ్చింది ఒకడి పెద్దనాన్న కొడుకు, ఇరవై రెండేళ్లవాడు. ఎలా తెలిసిందంటారా, ఫోన్‌పే. ఒక్కొక్కడు మూడొందల యాభై చొప్పున అతనికి పంపారు, ఒకడు మెసేజ్‌లో బీరు సీసా బొమ్మ కూడా పెట్టాడు. తర్వాత పది నిమిషాలకు అతని ఖాతా నుంచి షాపుకు పోయిన డబ్బు. నేను స్టేట్‌మెంట్ కాగితాలు చేతిలో పట్టుకుని చూశాను, ఆ మధ్యాహ్నం మొత్తం వరుసగా కళ్లముందు కనపడింది. నిర్లక్ష్యం వల్ల మరణం అన్న సెక్షన్ కూడా కలవడంతో కేసు గట్టిపడింది. ఇప్పుడు పోలీసులు సీసాల కన్నా ముందు ఫోన్లే తీసుకుంటారు.

అందుకే మీ వాడికి ఈ మాట ఒకటి గట్టిగా చెప్పండి: ఎవడైనా పిలిస్తే పలకకపోతే, ఊపిరి ఆగి ఆగి తీస్తుంటే, ఒళ్లు చల్లబడితే, 108కు ఫోన్ చేసి ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సు వచ్చేదాకా వదిలిపెట్టి పోవద్దు. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ నోట్లో పోయొద్దు, స్పృహ లేనివాడికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల మీద బిందెలతో నీళ్లు కుమ్మరించొద్దు. నిద్రపోతే దిగుతుందిలే అని మూల పడేయొద్దు. ఆస్పత్రిలో మెడికో లీగల్ కేసుగా రాస్తారు, పోలీసులకు కబురు పోతుంది. పోనివ్వండి. మైనర్ అయితే తాగినందుకు వాడి మీద కేసు ఉండదు.

బండి సంగతి కూడా. తాగి నడిపితే మొదటిసారికే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద ఆర్నెల్ల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, రెండూ పడొచ్చు. నడిపింది మైనర్ అయితే సెక్షన్ 199ఏ కింద తండ్రో, బండి ఓనరో ముద్దాయి: మూడేళ్ల దాకా జైలు, పాతికవేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. మీ స్కూటీ తాళం శనివారం సాయంత్రం మీ దగ్గరే పెట్టుకోండి.

చేయకూడనివి కూడా చెప్పాలి. ఆ ఇంట్లోకి దూరి గొడవ పెట్టుకోవద్దు, అది మీమీదే కేసవుతుంది. ఆ పిల్లల, ముఖ్యంగా ఆడపిల్లల వీడియోలు తీసి కాలనీ గ్రూపుల్లో, లోకల్ యూట్యూబ్ చానళ్లలో పెట్టొద్దు. పోలీసు కేసులోకి వచ్చిన మైనర్ పేరు, ఫొటో బయట పెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద నేరం, ఆర్నెల్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా. వీడియో పోలీసులకు ఇవ్వండి, అక్కడితో ఆపండి. అక్కడికి వచ్చిన ఆడపిల్లల గురించి వీధిలో మాటలు మొదలైతే మీరు కలవకండి. ఒకవేళ ఎవరైనా అమ్మాయికి ఏదైనా జరిగిందని తెలిస్తే, ఆమె పద్దెనిమిది లోపుదైతే, పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. దాచడం నేరం.

చివరగా మీ వాడి గురించి. అర్జీలో మీ వాడి పేరు రాయాలా అన్నారు. మొదటి అర్జీ చప్పుడు గురించి, మైనర్లు వస్తున్నారన్న సంగతి గురించి అయితే రాయక్కర్లేదు. వాడికి ఎవరు పోశారో చెప్పి సెక్షన్ 77 కోసం పట్టుబడితే మాత్రం వాడు సాక్షి అవుతాడు, అప్పుడు రాయాలి. దాన్ని ముందుగా వాడితో మాట్లాడి, వాడు ఒప్పుకున్నాకే చేయండి. బలవంతంగా స్టేషన్‌కు తీసుకుపోయిన పిల్లాడు అక్కడ నోరు విప్పడు, ఇంట్లో కూడా విప్పడం మానేస్తాడు. ప్రతి స్టేషన్లో పిల్లల విషయాలు చూడటానికి ఒక చైల్డ్ వెల్ఫేర్ పోలీస్ ఆఫీసర్ ఉండాలి. ఆయన ఎవరో అడగండి. పిల్లలతో యూనిఫామ్ లేకుండా, మామూలు బట్టల్లో మాట్లాడాలన్నది నిబంధన. మీరు పక్కనే కూర్చోవచ్చు.

ఒకవేళ పోలీసులు ఆ ఇంటికి పోయినప్పుడు మీ వాడు అక్కడే ఉన్నా భయపడొద్దు. పిల్లలను లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. చిన్నాచితకా ఆరోపణల్లో వాళ్లమీద ఎఫ్ఐఆర్ కూడా కట్టరు, డైరీలో రాసి బోర్డుకు తెలియజేస్తారు. మామూలుగా తల్లిదండ్రులను పిలిచి కౌన్సెలింగ్ చేసి పంపుతారు. కొట్లాట లాంటి పెద్ద విషయంలో ఇరుక్కుని బోర్డు ముందుకు పోయినా, ఆ తర్వాత వాడి చదువుకు, ఉద్యోగానికి అది అడ్డు రాకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 చెప్తుంది. ఘోరమైన నేరాలను మినహాయిస్తే, ఆ రికార్డును గడువు తర్వాత తీసేయాలి కూడా.

ఒకసారి తాగి వచ్చినవాడిని ఇంట్లో కొట్టారో తిట్టారో మీరు రాయలేదు. ఏం జరిగినా, రెండోసారి పిలుపు వచ్చినప్పుడు వాడు మీకు చెప్పేట్టు ఉండాలి. రోజూ కావాలనిపిస్తోంది, చేతులు వణుకుతున్నాయి, చదువు వదిలేశాడు అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చేయండి, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కౌన్సెలర్లు ఉంటారు. ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో చూపించడం కూడా మామూలు విషయమే.

ఈ శనివారం పది దాటగానే వీడియో తీసి, 112కు చేయండి. అర్జీ రాసుకున్నాక సందేహం ఉంటే పేర్లు, ఇంటి నంబరు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి సరిచేస్తాను.